మసి లేని ప్రమిద

నాకు అనుమానం కాస్త ఎక్కువే. కూరగాయలు కొన్నా తూకం రెండోసారి వేయించుకుంటాను. విజయనగరంలో కాలేజీ పాఠాలు చెబుతూ సెలవుల్లో తవ్వకాలకు వెళ్లే నాకు ఆ గుణం పనికొస్తుందనే అనుకునేదాన్ని. చదువుకునే రోజుల్లో గ్రీసులో ఒక తవ్వకంలో పనిచేసి, పాత మట్టి దీపాల వయసు కట్టడం నేర్చుకున్నాను. తొలినాటి దీపాలు నోరు తెరుచుకుని మూకుళ్లలా ఉంటాయి. కాలం గడిచేకొద్దీ అంచు లోపలికి వంగుతుంది, వత్తి పెట్టే ముక్కు సాగుతుంది. ఆ తరువాత కుమ్మరి సారె పోయి అచ్చు వచ్చింది. రెండు ముక్కలు చేసి అతికించేవారు కాబట్టి పక్కన సన్నగా అతుకు గీత కనిపిస్తుంది.

ఆ ఏడు శ్రీకాకుళం వైపు ఏటి గట్టున తవ్వుతున్నాం. మట్టి పొర మారిందని నాకంటే ముందే కనిపెట్టే ముసలి మేస్త్రి ఒకాయన ఉండేవాడు. మావా అని పిలిచేదాన్ని. ఒకరోజు టీ తాగుతూ ఫోన్లో గ్రీకు దీపాల ఫొటోలు చూపించాను.

“ఇలాటిది మన గోతిలో దొరికితే ఏటవుతాదమ్మా?” అన్నాడు.

“ఏ దేశపోళ్ల ఓడలు ఇక్కడికొచ్చాయో తెలుస్తాది మావా. పేపర్లో పడిపోతాం” అన్నాను నవ్వుతూ.

మూడో రోజు భోజనాలయ్యాక అచ్చం అలాంటి దీపమే తెచ్చి నా చేతిలో పెట్టాడు. ముక్కు ఉంది, అతుకు గీత ఉంది. మసి మాత్రం చుక్కయినా లేదు. పొట్టలో మట్టి లేదు. ఒక్కసారి వెలిగించినా దీపం ముక్కు నల్లబడుతుంది. పైగా పొడి గోతిలో పనిచేసే ఆయన పంచె అంచు తడిసి ఉంది.

“ఎక్కడిది మావా ఇది?”

“ఇక్కడే, గోతిలో ఆ పాత గోడ మొదట్లో” అన్నాడు నవ్వుతూ. ఆ నవ్వూ నాకు నచ్చలేదు.

ఫొటో చూపించిన మూడు రోజులకే దీపం ఊడిపడుతుందా? ఏ కుమ్మరి చేతనో చేయించి తెచ్చాడనుకున్నాను. ఒళ్లు మండిపోయింది. అప్పటికప్పుడు తవ్వకాల డైరెక్టరుకు చెప్పాను. మర్నాటి నుంచి మావను పనిలోకి రావద్దన్నారు. ‘మేస్త్రి బయటినుంచి తెచ్చిపెట్టినట్టు అనుమానం’ అని రిపోర్టులో రాసింది నేనే. ఆ మాట ఊరంతా పాకిందని తరువాత తెలిసింది.

మరుసటి ఏడు తవ్వకాల్లో దొరికిన వస్తువుల పెట్టెలు సర్దుతుంటే ఆ దీపం మళ్లీ చేతికొచ్చింది. ఎందుకో ముక్కు కన్నంలోకి టార్చి వేసి చూశాను. లోపల, వేలు దూరని చోట, నల్లగా మసి పేరుకుని ఉంది. భూతద్దంలో చూస్తే పైన ఇసుకతో రుద్దిన సన్నని గీతలు. అంటే అది వెలిగిన దీపమే, పైన ఎవరో తోమేశారు.

బస్సు దిగి ఆటోలో వాళ్ల ఊరు వెళ్లాను. మావ అరుగు మీద కూర్చుని, కార్తీకానికి పాత ప్రమిదలు కొబ్బరి పీచుతో తోముతున్నాడు. ఆ చేతులు చూడగానే నాకు సగం అర్థమైంది.

“ఆ దీపాన్ని నువ్వు తోమావా మావా?”

“తోమనా మరి? మసి దీపం ఆడకూతురి సేతిలో పెడతామేటి? మా ఇళ్లల్లో అలాగ ఇయ్యరమ్మా. ఏటికెళ్లి ఇసకేసి తోమి తెచ్చినాను.”

“ఆ రోజే చెప్పలేకపోయావా?”

“ఎక్కడిదన్నావు, సెప్పినాను. కడిగినావా అని అడగనేదు కదా నువ్వు.”

సిగ్గుతో తల దించుకున్నాను. దీపం ముక్కు చూశాను, గీత చూశాను, ఆయన పంచె తడి కూడా చూశాను. ఆయన్ని ఇంకొక్క మాట అడగాలని మాత్రం తోచలేదు.

మావ ప్రమిద పక్కన పెట్టి, చేతులు తుడుచుకున్నాడు.

“ఆ కాయితంలో నా మీద రాసినావంట. అది కొట్టీస్తావా?”

“కొట్టేస్తాను మావా. వెళ్లగానే కొట్టేస్తాను.”

ఆ రోజు గోతి దగ్గర నేను ఆయన్ని ఎలా చూశానో, మావ అలాగే నా ముఖంలోకి చూస్తూ ఉండిపోయాడు.