మోట తొట్టిలో సంగవ్వ బాప్తిస్మం

1937 ఎండాకాలం. నిజాం రాజ్యంలో, కన్నడ సీమ అంచున ఉన్న నారాయణఖేడ్. బైబిలు స్కూల్లో రెండో ఏడు ముగించిన నన్ను అక్కడి మెన్నోనైట్ సంఘానికి ప్రాక్టికల్ వర్కు కోసం పంపారు. పాస్టరు పనికి చదివేవాడు సెలవులంతా ఒక సంఘంలో ఉండి, అక్కడి పాస్టరు వెంట తిరిగి పని నేర్చుకోవడాన్ని అలా అనేవాళ్లం. పిల్లలకు సండేస్కూలు, పొద్దుగూకాక ఇళ్లలో ప్రార్థన, జబ్బుపడ్డవాళ్లను చూసి రావడం. ఎండలకు ఓర్వలేక మిషనరీ దొరలు కొండల మీది ఊళ్లకు వెళ్లిపోయేవారు. వానలు పడి వాళ్లు తిరిగి వచ్చేదాకా ఏ సంగతైనా పాస్టరు దేవదానం అయ్యగారే తేల్చాలి.

తర్వాత చాలా ఏళ్లు నేనూ పాస్టరుగా పనిచేశాను. ఎన్నో బాప్తిస్మాలు ఇచ్చాను. కానీ చెప్పమంటే, నేను పక్కన నిలబడి చూసిన ఆ ఒక్కటే చెబుతాను.

నా గడువు చివరి వారాల్లో మాదిగవాడ నుంచి సంగవ్వ అనే ముసలామె కబురు పంపింది. కడుపు ఉబ్బి మంచం పట్టింది. వానాకాలం చూడదని దవాఖాన కంపౌండరు ఆమె మరిది లాజరుతో చెప్పాడట. లాజరు మా సంఘ పెద్దల్లో ఒకడు. సంగవ్వకు చర్చికి రావడం అలవాటే గాని బాప్తిస్మం కాలేదు. భర్త ఒప్పుకోలేదు. ఆయన బావి నీళ్లు తోడే తోలుమోటలు కుట్టేవాడు. అంతకుముందు చలికాలంలోనే పోయాడు. కూతురు రాహేలు మాత్రం మిషను బోర్డింగులో చదివి, బాప్తిస్మం తీసుకుని, పెళ్లి కాకముందే కలరాతో చనిపోయింది. ఆమె సమాధి చర్చి వెనక ఉంది.

అయ్యగారూ నేనూ వెళ్లేసరికి సంగవ్వ కూచోబెట్టమని సైగ చేసింది.

"అయ్యా, నన్ను గా నీళ్లల్ల ముంచుండ్రి. రాహేలు పక్కపొంటి జాగ ఉన్నది. అండ్ల పండాలె."

బాప్తిస్మం పొందినవాళ్లనే సంఘ భూమిలో పెట్టేవాళ్లు. అది అక్కడి నియమం. నేను చదువుకున్నదాన్ని బట్టి చెప్పాను.

"అవ్వా, దేహం ఎక్కడున్నా ఒకటే. బిడ్డను దేవుని దగ్గర కలుసుకుంటావు."

"నీకు పెండ్లయిందా, పిల్లగా?"

"కాలేదు."

"మరి ఊకో."

అయ్యగారు తల తిప్పుకుని నవ్వు ఆపుకున్నారు.

మెన్నోనైట్లు పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వరు. ఊహ తెలిసిన మనిషి తన విశ్వాసం సంగతి తన మాటల్లో పెద్దల ముందు చెప్పాలి. దాన్ని సాక్ష్యం అంటారు. అది పెద్దలకు నచ్చాక నీళ్లలో నిండా ముంచుతారు. సాక్ష్యం మంచం దగ్గరే జరిగింది. లాజరు నిక్కచ్చి మనిషి. వదిన అని చూడకుండా అడిగాడు.

"వదినె, ఇది ప్రభువు కోసమా, రాహేలు కోసమా? సాఫ్ చెప్పు."

"రాహేలును తీస్కపోయింది ఎవరు, నువ్వా? ఆయన్నే గద. ఆయన ఒకదిక్కు, బిడ్డ ఒకదిక్కు లేరు లాజరూ. ఇద్దరు ఒక్కకాడనే ఉన్నరు. నేను ఆడికి పోతనంటున్న."

"చాలు," అన్నారు అయ్యగారు.

ఇక మిగిలింది నీళ్లు. చర్చి బావిలో అడుగున బురద కనిపిస్తోంది. చెరువు ఎండి నెర్రెలు బారింది. చిలకరిస్తే సరిపోదా అని నేను దారిలో అడిగాను.

"నీళ్లు తక్కువున్నయని ఇయాల పద్ధతి మారిస్తే, రేపు ఇంకేదో తక్కువైతది," అన్నారు అయ్యగారు. ఆయనా పరేషాన్‌గానే ఉన్నారు. కాసేపటి తర్వాత, "ముసలామె ఆగేతట్టు లేదు," అని తనలో తాను అనుకున్నట్టు అన్నారు.

లంద కడుగుదామన్నాడు లాజరు. లంద అంటే తోళ్లు నానబెట్టే గుంట. సున్నం, తంగేడు చెక్క, తోళ్ల వాసన. శుభ్రంగా కడిగి, ఇంటికిన్ని కుండల నీళ్లు పోస్తే నిండుతుందని అతని లెక్క. సంగవ్వ వింటూనే గోడవైపు తిరిగింది.

"నా బిడ్డ గా వాసన కెల్లి బయటపడ్డది. నన్ను మల్ల అండ్లనే ముంచుతరా? పొలంల పారేయుండ్రి, నడుస్తది."

లాజరు ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

ఆ చుట్టుపక్కల నీళ్లున్నది బసప్ప పటేలు మోటబావిలోనే. కన్నడం మాట్లాడే లింగాయతు రైతు. మేం వెళ్లేసరికి ఎద్దులకు మేత వేస్తున్నాడు. అంతా విని, "ముదుకికి ఈ వయసుల జలకమా?" అన్నాడు. ముదుకి అంటే వాళ్ల భాషలో ముసలిది.

"జలకం కాదు పటేలా..." అని అయ్యగారు మొదలుపెట్టారు.

"తెలుసు తెలుసు. బావిలకు మీరు దిగితే మా వోళ్లు నన్ను కులంల ఉండనియ్యరు." ఎద్దు మూపురం నిమిరాడు. "మోట కుట్టింది దాని మొగడే. ఇప్పటిదాక ఒక్క కుట్టు ఊడలే. తొట్టిల చేస్కోండి. తొట్టి నీళ్లు ఎట్లయినా చెరుకుకే పోతయి. జల్దీ కానియ్యాలె. ఎవరికి చెప్పొద్దు."

ఎద్దులు ఏటవాలుగా కిందికి నడిస్తే తోలుమోట నీళ్లతో పైకి వచ్చి, బావి గట్టున ఉన్న రాతితొట్టిలో ఒలుకుతుంది. అక్కడినుంచి కాలువ. మేం కాలువ నోటికి గోనెసంచి, మట్టి కూరి నీళ్లు నిలబెట్టాం. బసప్ప జీతగాణ్ణి పంపేసి తానే మోట తోలాడు. తొట్టిలో నీళ్లు నడుము దాకా వచ్చాయి. సంగవ్వను మంచం మీద మోసుకొచ్చి, అయ్యగారూ లాజరూ చెరోపక్క పట్టుకుని దించి కూచోబెట్టారు.

నీళ్లు రొమ్ముకు తగిలాయో లేదో, ఆమె రాతి అంచు రెండు చేతులా పట్టుకుంది.

"లేపుండ్రి అయ్యా! లేపుండ్రి! ఊపిరాడ్తలేదు!"

అప్పుడు గాని మాకు తట్టలేదు. ఊరి బావి దగ్గర ఆమె ఎప్పుడూ దూరంగా కుండ పట్టుకుని నిలబడ్డదే. పై కులాలవాళ్లు పోస్తే తెచ్చుకున్నదే. నిండు నీళ్లలోకి ఆమె ఆ వయసు దాకా దిగలేదు. నీళ్లు ఎంత లోతు కావాలో రోజుల తరబడి మాట్లాడుకున్నాం. ఈ సంగతి ఎవరమూ అడగలేదు.

అయ్యగారు చేతులు తీసేశారు. "వద్దంటే వద్దు సంగవ్వా. జబర్దస్తీ లేదు. ఇంటికి పోదాం."

ఆమె అంచు వదల్లేదు.

"రాహేలు మునిగిందా?"

"మునిగింది. నేనే ముంచిన."

"భయపడ్డదా?"

"లేచినంక నవ్వింది."

సంగవ్వ ఒక చెయ్యి వదిలింది. తర్వాత రెండోది. "అయితే కానియ్."

అయ్యగారు తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ నామం పలికి ఆమెను వెనక్కి వాల్చారు. ఆమె కాళ్లు తన్నుకుంటూ మధ్యలోనే లేచింది. దగ్గుతో ఎగిరెగిరి పడింది.

"అయ్యా," అన్నాడు లాజరు మెల్లగా, "తల మునగలే. నెత్తి పొడిగనే ఉన్నది."

అందరం చూశాం. నిజమే. రెండోసారి ముంచితే ఆమె ప్రాణం నిలుస్తుందో లేదో తెలియదు. ఇలాగే ఇంటికి తీసుకెళ్తే రాహేలు పక్కన చోటు లేదు. అయ్యగారు ఆమె భుజం పట్టుకుని అలాగే నిలబడ్డారు.

"ఏమాయె?" అని ఎద్దుల దగ్గర్నుంచి బసప్ప అరిచాడు.

"నెత్తి తడవలే పటేలా."

బసప్ప ఎద్దులను అదిలించాడు. గిలక కీచుమంది. మోట పైకి వచ్చి, అందులోని నీళ్లన్నీ ఒక్కపెట్టున సంగవ్వ నెత్తిన, అయ్యగారి మీద, లాజరు మీద పడ్డాయి. కాసేపు ముగ్గురూ కనబడలేదు.

"సాకా లాజరూ?" అన్నాడు బసప్ప. "చాలా, ఇంకోటి తేవాల్నా?"

సంగవ్వ మొఖం తుడుచుకుంది. ఈసారి దగ్గలేదు.

"నా మొగడు కుట్టిన మోట," అంది. "బత్కినన్నాళ్లు ముంచుడు వద్దన్నడు. ఇయాల వాడే ముంచిండు."

లాజరు అయ్యగారి వైపు చూశాడు. అయ్యగారు నీళ్లు కారుతున్న గడ్డంతో, "మునిగింది," అన్నారు. లాజరు ఆమెన్ అన్నాడు.

దొరలు ఒప్పుకుంటారా అని తిరిగి వచ్చేటప్పుడు అడిగాను. "కొండ దిగి రానీ, చెప్త," అన్నారు అయ్యగారు. "అప్పటికి ఆమె పండాల్సిన కాడ పండుకుంటది." అలాగే అయింది. తొలివాన ఇంకా పడలేదు. నేల గట్టిగా ఉండి గునపాలు దిగలేదు. తవ్వినవాళ్లలో నేనూ ఉన్నాను.

పాస్టరునయ్యాక బాప్తిస్మానికి ముందురోజు సాయంత్రం ప్రతి మనిషినీ నీళ్ల దగ్గరికి తీసుకెళ్లేవాణ్ణి. ఎప్పుడైనా మునిగారా అని అడిగి, చెయ్యి పట్టుకుని దింపి, కాసేపు నిలబెట్టి తీసుకొచ్చేవాణ్ణి. దీనికి రిహార్సలెందుకని కొందరు పెద్దలు నవ్వేవారు. ఆ పని నాకు నేర్పింది సంగవ్వ.

రెండో సంగతి ఆమె అప్పుడే చెప్పింది గాని, నాకు ఈ సంవత్సరమే అర్థమైంది. మొన్న చలికాలంలో నా భార్య పోయింది. దేహం ఎక్కడున్నా ఒకటేనని సమాధుల దగ్గర నేను చాలామందికి చెప్పాను. ఆమెను మట్టిలో పెట్టాక సంఘ పెద్దలను పక్కకు పిలిచి, ఆమె పక్కన ఎడమవైపు జాగా ఎవరికీ ఇవ్వవద్దన్నాను.