ఉన్నావా అంటే ఉన్నానంది

ఆఫీసులో ఆయన్ని అందరూ నాడిగారు అంటారు. అలాగని వైద్యం తెలుసనుకునేరు, దెబ్బకు మందు రాయడం కూడా చేతకాదు. ఊళ్ళోని ఆసుపత్రులన్నిటి రక్తపరీక్షల ఫలితాలు దాచే మూడు సర్వర్లు ఉన్నాయి, వాటికి నాడి చూడడం ఆయన ఉద్యోగం. మొదటిదానిలో రాసిన ప్రతి అక్షరమూ అప్పటికప్పుడే మిగతా రెండింటిలోకీ నకలు కావాలి. మొదటిది కూలబడితే రెండోది లేచి పని అందుకోవాలి. పది సెకన్లకొకసారి ఒక చిన్న ప్రోగ్రాం వెళ్ళి ఒక్కోదాన్నీ "ఉన్నావా?" అని అడుగుతుంది. "ఉన్నాను" అంటే తెరమీద పచ్చచుక్క వెలుగుతుంది. పద్నాలుగేళ్ళ కిందట ఆ ప్రోగ్రాం రాసింది ఆయనే.

భోజనమయ్యాక ఆయన అద్దాల గది పక్కన కుర్చీ వాల్చుకునేవాడు. గోడ అవతల యంత్రాల హోరు ఒకే శ్రుతిలో సాగుతూ ఉంటుంది. చుక్కలు మసకబారి ఎక్కడో దూరాన పడవ దీపాల్లా కదులుతాయి. ఎవరైనా దగ్గితే "నిద్ర కాదు, వింటున్నా" అనేవాడు. నిజానికి ఆయన అప్పుడు ఆ కునుకులో ఎనిమిదేళ్ళవాడై, టెలిఫోన్ ఎక్స్చేంజిలో చెక్కబల్ల మీద పడుకుని ఉండేవాడు. పైన అక్క గొంతు నంబర్లు పలుకుతూ ఉండేది. ఆ గొంతు అలా వినిపిస్తున్నంతసేపూ లోకంలో ఏదీ తెగిపోదని ఆ వయసులో ఆయన నమ్మకం. ఇప్పటికీ ఆ నమ్మకం పూర్తిగా పోలేదు.

అక్క ముప్ఫై ఏళ్ళు ఆపరేటరుగా చేసింది. నాలుగువందల నంబర్లు నోటికి వచ్చేవి. ఇప్పుడు నాలుగు వీధుల అవతల కూతురితో ఉంటోంది. ఆ మేనకోడలు ఈ ఆదివారం ఏడాది శిక్షణ కోసం వేరే ఊరు వెళ్ళాలి. వాళ్ళమ్మేమో ఇల్లు కదలనంటోంది. పొయ్యి మీద గిన్నెలు రెండుసార్లు మాడాయి.

"మావయ్యా, రోజూ మాట్లాడేది నువ్వేగా. ఒక్కతే ఉండగలదంటావా? నీ మాట మీదే వెళ్తాను" అంది మేనకోడలు.

"నిక్షేపంలా ఉందే. గిన్నెలు ఎవరు మాడ్చలేదు?" అన్నాడాయన.

అబద్ధం కాదు. రోజూ నాలుగింటికి ఫోన్ చేసి "బాగున్నావా అక్కా?" అనేవాడు. "బాగున్నానురా" అనేది. ఆ గొంతులో ఏ లోటూ వినపడేది కాదు.

బుధవారం పొద్దున మొదటి సర్వర్‌కి డిస్కు మార్చాల్సి ఉంది. అంతసేపూ పని రెండోదానికి అప్పగించాలి. చుక్కలన్నీ పచ్చగానే ఉన్నాయి. నాడిగారు సరేననబోతుంటే, కొత్తగా చేరిన ఎర్ర కళ్ళద్దాల ఇంజినీరు ఆగమంది.

"సార్, ఇవాళ్టి రిపోర్టు ఒకటి రెండోదాన్లో వెతికాను. లేదండీ. నిన్నటివీ లేవు."

తొమ్మిది రోజులుగా రెండోదానిలోకి నకలు ఆగిపోయింది. అది మాత్రం ప్రతి పది సెకన్లకీ ఉన్నాననే చెప్పింది. అడిగింది అదే కాబట్టి అదే చెప్పింది. మార్పిడి ఆపారు, నష్టమేమీ జరగలేదు. అయినా నాడిగారి మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ప్రాణం ఉందా అని మాత్రమే అడిగామండీ" అని నసిగాడు, తప్పు తనదేనని అందరికీ తెలిసినా.

మధ్యాహ్నానికల్లా కొత్త ప్రోగ్రాం రాశాడు. ఇది నిమిషానికోసారి మొదటిదానికి ఓ చిన్న ముక్క చెబుతుంది. కాసేపాగి రెండోదాన్ని, "ఇందాక నేనేం చెప్పాను?" అని అడుగుతుంది. ఆ వాక్యం టైపు చేస్తుండగా ఆయన వేళ్ళు ఆగిపోయాయి. గది హోరు ఒక్కసారిగా ఎటో వెళ్ళిపోయినట్టనిపించింది. ఆయనకు భయమేసింది.

నాలుగయ్యేదాకా ఆగలేకపోయాడు.

"బాగున్నావా అక్కా?"

"బాగున్నానురా. ఇవాళ తొందరగా చేశావే."

"నిన్న నీకో సంగతి చెప్పాను. ఏంటో చెప్పు చూద్దాం."

"నీ ఆఫీసు గొడవేగా, ఇంకేముంటుంది."

"ఏ గొడవ?"

అవతల చాలాసేపు మాట లేదు. ఎక్స్చేంజిలో ఆమె ఎన్నడూ ఎవరినీ అంతసేపు నిరీక్షింపజేయలేదు.

"పోయిందిరా" అంది చివరికి. "నువ్వు పెట్టేయగానే కాగితం మీద రాసుకుందామనుకుంటాను. కలం దొరికేలోపే పోతోంది."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు బాగున్నావా అంటావు. ఒంట్లో బాగానే ఉంది కదరా."

ఆయన నిన్నటి సంగతే మళ్ళీ చెప్పాడు. మెట్లమీద చెప్పు తెగి, మీటింగుకు ఒంటికాలి చెప్పుతో వెళ్ళానన్నాడు. ఆమె దగ్గు వచ్చేదాకా నవ్వింది. నిన్న కూడా సరిగ్గా అంతే నవ్వింది.

"అక్కా, అమ్మాయితో వెళ్తావా? నా దగ్గరికి వస్తావా? నిన్నొక్కదాన్నే వదలం."

"నీ దగ్గరికే వస్తా. అది పని చూసుకోవాలా, నన్ను చూసుకోవాలా?" అని, కాస్త ఆగి అంది, "కానీ ఒక్కరోజు మాట పట్టుకోకురా. రేపు మళ్ళీ కొత్తగా అడుగు, ఎల్లుండీ అడుగు. మూడు రోజులూ అదే చెప్పానంటే అది నా మాటే."

గురువారం అడిగాడు, శుక్రవారం అడిగాడు. ఆమె ఎప్పుడూ విననట్టే విని, అప్పుడే ఆలోచించి, రెండు రోజులూ నీ దగ్గరికే అంది. శుక్రవారం సాయంత్రం నాడిగారు మేనకోడలికి ఫోన్ చేసి, ఇన్నాళ్ళూ తాను చెప్పింది తప్పన్నాడు. తర్వాత అక్క మంచానికి చోటయ్యేలా, తన పడకగదిలో మంచం కిటికీ వైపు జరిపాడు.