నన్నెవరూ వెళ్లగొట్టలేదు

పిచ్చివాళ్ల మధ్య ఉండి నాకూ పిచ్చి పట్టిందనీ, అందుకే దవాఖానవాళ్లు వెళ్లగొట్టారనీ నల్లగొండలో మా వాడకట్టు ఇప్పటికీ చెప్పుకుంటుంది. అబద్ధం. నౌకరి నేనే వదులుకున్నాను. అసలు కారణం వాళ్లు అనుకునేదానికన్నా చెడ్డది కనుక ఇన్నాళ్లూ అమ్మ దగ్గర తప్ప నోరు విప్పలేదు.

మాది మగ్గం ఇల్లు. మా వాళ్లలో సర్కారు నౌకరికి పోయిన మొదటివాణ్ణి నేను. పాలమూరు వైపు ఒక దవాఖానలో, మతి చెదిరినవాళ్ల వార్డులో తొమ్మిదేళ్లు పనిచేశాను. ఎవరైనా కుదురుగా ఉండకపోతే మంచానికి కట్టేయడం అప్పటి పద్ధతి. పోగులు ముడివేస్తూ పెరిగిన చేతులు నావి.

"సాలాయనను పిలువుండ్రి. ఆయన గడితే దేవుడు గూడ ఇప్పలేడు" అని కంపౌండర్ నవ్వేవాడు. సాలె ఇంటి బిడ్డనైన నాకది గర్వంగా ఉండేది.

ఒక వానకాలం ఒక ముసలాయనను తెచ్చి చేర్పించారు. పొద్దంతా కూర్చుని గాలిలో వేళ్లు నలుపుతూ ఉండేవాడు. మిగతావాళ్లకు అది పిచ్చిచేష్ట. నాకు మాత్రం చూడగానే తెలిసింది: తెగిన పోగులు అతుకుతున్నాడు, అచ్చం మా నాయన లాగే. ఆ మాట నేనెవరికీ చెప్పలేదు. పెద్ద డాక్టరు తనిఖీకి వస్తున్నాడు, ముసలాయన్ని కట్టేయమన్నారు.

"జర ఆగు బిడ్డా, గీ ఒక్క పోగు అతుకనియ్యి."

"తర్వాత అతుకుదువు తియ్ తాతా" అంటూ రెండు మణికట్లూ గుడ్డపట్టీలతో మంచానికి కట్టాను.

తనిఖీ ముగిసింది. నేను బువ్వ తిని అటే బజారుకు పోయాను. తేమకు ముడి బిగుసుకుపోయింది. విప్పబోయినవాళ్లకు చేతకాలేదు, సర్కారు గుడ్డ కోస్తే మాట పడాల్సొస్తుందని కోయలేదు. మాపటికి నేను వచ్చి విప్పేసరికి వేళ్లు నల్లబడ్డాయి. కుడిచేతివి రెండు మళ్లీ కదలలేదు.

"గిట్లాంటివి అయితుంటయి, ఫికర్ చెయ్యకు" అన్నాడు కంపౌండర్. ఆ మాటే నన్ను ఎక్కువ భయపెట్టింది. నెల తిరగకముందే ఇల్లు చేరాను.

ఇంట్లో మగ్గం ముట్టలేకపోయాను. ఆ ముసలాయనకు పోయిన పని నా చేతులకెందుకు అనిపించేది. అమ్మ చాలా రోజులు చూసి, ఒకనాడు కసురుకుంది: "నీ చేతులు ముడుసుకొని కూసుంటే ఆయనకు వేళ్లొస్తయా? లే, నూలు కండెలు చుట్టు."

లేచాను. చేసింది తప్పే, దాన్ని తగ్గించి చెప్పను. కానీ బతికినన్నాళ్లూ నన్ను నేను చంపుకోను. సర్కారు నౌకరి కాలదన్నానని ఎవరు నవ్వినా నాకు లెక్కలేదు.

మొన్న వాడలో మగ్గానికి పడుగు దారాలు చాపుతుంటే పక్కింటాయన "ఏందే, పిచ్చి తగ్గిందా?" అన్నాడు.

"పిచ్చి గాదు, తప్పు జేసిన. కూసుంటే మొత్తం చెప్త. దిక్కులు చూస్తున్నవ్, వినవా? అయితే పక్కకు జరుగు, పడుగు తొక్కుతున్నవ్" అన్నాను.