బావ ట్రాక్టరు వెనక టైర్లు

ఆవిడ అసలు పేరు ఎవరికీ అక్కర్లేకపోయింది. నోరు తెరిస్తే ఎదుటివాడికి ఒళ్ళంతా మంటే కాబట్టి ఊరంతా దురదగొండి అనేది. అలా పిలిస్తేనే పలికేది కూడా. తండ్రి నడిపిన టైర్ల కొట్టు ఆవిడ చేతికొచ్చింది గానీ తిన్నగా రాలేదు. తండ్రి పోయిన మర్నాడే అక్క మొగుడు వచ్చి తలుపుకి తాళం బిగించాడు.

"ఆడదానికి జాకీలూ లివర్లూ ఎందుకు?" అన్నాడు.

ఆవిడ సుత్తితో తాళం పగలగొట్టి, లోపలికెళ్ళి పనికి కూర్చుంది. అప్పట్నుంచి వాళ్ళిద్దరికీ ఉప్పూ నిప్పూ. దారిలో ఎదురుపడితే చెరో పక్కకి ఉమ్మేసి తప్పుకునేవాళ్ళు.

అలాంటి బావ ఒక మధ్యాహ్నం తన పాత ట్రాక్టరు తెచ్చి ఆ కొట్టు ముందే ఆపాడు. వెనక టైర్లు రెండూ అరిగి బోడిగుండులా నున్నగా ఉన్నాయి. ట్రాలీలో కొత్త టైర్లు, వాటి మీద మొహం తిప్పుకుని కూర్చున్న అక్క. పొలం పదును మీదుంది, దుక్కి ఆగదు. దగ్గర్లో ట్రాక్టరు టైర్లెక్కించే కొట్టు ఇంకోటి లేదు. ఉంటే చచ్చినా వచ్చేవాడు కాదు.

"తొందరగా కానియ్. నీ మొహం చూడ్డానికి రాలేదు," అన్నాడు బావ.

"చూస్తే మాత్రం నీది బాగుపడుతుందా? ఇంజను ఆపి, తాళం చెవి నాకిచ్చి దిగు."

ట్రాలీ విప్పించింది. ముందు చక్రాలకి అటూ ఇటూ చెక్కలు అడ్డం పెట్టింది. జాకీతో లేపి, జాకీని నమ్మకుండా కింద దుంగలు పేర్చింది. ఎడమ చక్రం పేచీ లేకుండా అయింది. రిమ్ము తుప్పు వైరు బ్రష్షుతో గీకి, ట్యూబు పెట్టి, టైరు అంచులకి సబ్బు నీళ్ళు పూసి, పొడుగు పైపుతో దూరంగా పక్కకి నిలబడి గాలి పట్టింది. టప్, టప్ మని అంచులు రెండూ రిమ్ములో కూర్చున్నాయి. ట్యూబు ముడతలు పోవాలని ఆ గాలంతా వదిలేసి మళ్ళీ పట్టింది.

"తీసిన గాలి కొట్టడం, కొట్టిన గాలి తీయడం. మీ నాన్న నేర్పిన విద్య ఇదేనా?" అన్నాడు బావ.

ఆవిడ విసవిసా కుడి చక్రం దగ్గరికెళ్ళి, దాని టైరూ మార్చి గాలి పట్టింది.

కుడి చక్రం మొరాయించింది. టైరు అంచున చుట్టూ సన్నటి గీత ఉంటుంది. అది రిమ్ముకి అంతటా ఒకే ఎడంలో కనబడితేనే టైరు సరిగ్గా కూర్చున్నట్టు. కింది వైపు ఆ గీత రిమ్ములోకి మునిగిపోయింది. గేజి ముల్లు హద్దు దగ్గరికి రాగానే, దాటితే టైరు పేలుతుందని ఆవిడ గాలి కట్టేసింది.

"ఆపావేం? ఇంకాస్త కొడితే అదే ఎక్కుతుంది."

"ఎక్కేది రిమ్ములోకి కాదు, నీ నెత్తి మీదకి. పక్కకి జరుగు."

బావ జరగలేదు. సుత్తి తీసి గాలితో బిర్రబిగిసి ఉన్న టైరు మీదకి ఎత్తాడు. ఆవిడ టైర్లు ఊడదీసే ఇనప లివరు అడ్డం పెట్టింది.

"ఒక్క దెబ్బ వెయ్యి. రెండోది నీ మోకాలి మీద పడుతుంది."

అతను ఒక్క తోపు తోశాడు. ఆవిడ వెళ్ళి సబ్బు నీళ్ళ బకెట్టు మీద పడింది. చీర తడిసి ముద్దయింది. లేచి, చక్రానికి పక్కగా చేరి వాల్వు విప్పేసింది. గాలి బుస్సుమంది.

అప్పుడు అక్క నోరు విప్పింది, మొగుడితో.

"ఇటు వచ్చి కూర్చోండి. మీకేమైనా అయితే దీని గుమ్మంలో నేను ఏడవలేను. దీని కళ్ళ ముందు అసలే ఏడవను."

బావ సుత్తి విసిరేసి, వెళ్ళి ట్రాలీ అంచున కూలబడ్డాడు.

ఆవిడ టైరు అంచు మళ్ళీ ఊడదీసి వేళ్ళతో తడిమింది. రిమ్ము అడుగున తుప్పు గడ్డ. అక్కడ బ్రష్షు పెట్టనే లేదు. ఎడమ చక్రానికి పెట్టిన ఓపిక దీనికి పెట్టలేదు, బావ కళ్ళెదుట ఉన్నాడన్న కసిలో చేతులు తొందరపడ్డాయి. తప్పు తనదే. ఆ సంగతి పీక మీద కత్తి పెట్టినా చెప్పదు. వంచిన తల ఎత్తకుండా గడ్డంతా గీకి, సబ్బు నీళ్ళు మళ్ళీ కలిపి, నిదానంగా గాలి పట్టింది. ఈసారి టప్ మంది. గీత చుట్టూ వేలితో తడుముకుంటూ వెళ్ళింది. ఎక్కడా తేడా లేదు. గాలి నడకకి సరిపడా తగ్గించి, దుంగలు తీసి దించింది.

వెళ్ళేటప్పుడు అక్క ఆవిడ తడి చీర వంక చూసింది.

"చీర మార్చుకోవే. రేపు జ్వరం తెచ్చుకుని మా మీద పెట్టకు."

"నీ జాలి కూడా ట్రాలీలో వేసుకుని పో," అంది ఆవిడ.

సాయంత్రానికి బావ టీకొట్టులో కూర్చుని, పని రానిదానికి ట్రాక్టరు అప్పజెప్పి సగం రోజు పోగొట్టుకున్నానని అందరికీ చెప్పాడు. ఆ మాట ఒకడు పరుగున మోసుకొచ్చాడు.

"తిట్టడానికి వాడికింకా నోరుంది కదా. ఉంచింది నేనే. పో, వెళ్ళి చెప్పు," అంది ఆవిడ. వాడు ఇంకేమైనా అంటుందేమోనని నిలబడ్డాడు. ఆవిడ వాడి మొహం మీదే తలుపు వేసుకుంది.