తాబేళ్లు నీళ్లలోకి వెళ్లిన ఉదయం

రాష్ట్రం విడిపోయిన మరుసటి ఏడు మా అక్కకు వారానికి మూడుసార్లు డయాలసిస్. అప్పటికి మేనాలు, దివాణం అన్నీ పోయి, కోటబొమ్మాళిలో ఒక షావుకారు కొట్టు వెనక రెండు గదుల్లో ఇద్దరం అద్దెకు ఉంటున్నాం. చిన్నప్పుడు శ్రీకూర్మం గుడిలో తాబేళ్లకు తోటకూర వేయడమంటే అక్కకు ప్రాణం. భావనపాడు అవతల అడవిశాఖ వాళ్లు కంచె కట్టి సముద్రపు తాబేళ్ల గుడ్లు కాపాడుతున్నారని, పిల్లలను పొద్దున్నే నీళ్లలోకి వదులుతారని పేపర్లో చదివింది. ఒక్కసారి చూపించమంది. నాకు తెలిసి ఆమె నన్ను నోరు తెరిచి అడిగింది అదొక్కటే.

మార్చిలో తెల్లవారుతూండగా ఆటోలో వెళ్లాం. సరుగుడు తోట మొదట్లో దారి అయిపోయింది. అక్కడినుంచి అంతా ఇసుక. అక్క నాలుగడుగులు వేసి, వాచిన కాళ్లు ఇక కదలక నా భుజం పట్టుకుని నిలబడిపోయింది.

కంచె కాపలాదారు పరుగున వచ్చాడు, వెనకే చేపల బుట్టతో అతని భార్య. మమ్మల్ని గుర్తుపట్టాడు. అతని తండ్రి ఒకప్పుడు మా ఇంటి మేనా మోసినవాడు.

“బాబుగోరూ, కుర్సీ తెస్తాను. అమ్మగోర్ని కూకోబెట్టి మాయిద్దరం మోసుకుపోతాం.”

“అక్కర్లేదు,” అన్నాను.

“మాకేటీ ఇవ్వొద్దు బాబూ.”

ఆ మాటే గుచ్చుకుంది. మేనా మోసినవాళ్లను ధాన్యం, బట్టలు ఇవ్వకుండా మా ఇంట్లో ఎన్నడూ పంపలేదు. “మా ఇంటి ఆడవాళ్లను జాలిపడి ఎవరూ మోయనక్కర్లేదు,” అన్నాను.

“ఒరే, మోస్తే ఏటవుతాదిరా? నేనేటి అరిగిపోతానా?” అంది అక్క, నవ్వబోయి.

కాపలాదారు భార్య చేపల బుట్ట దించి, “బాబుగోరి ఈపు సూడు, సరుగుడు కర్ర! ఒంగితే ఏటి పోద్దో!” అని నాకు వినబడేటట్టే అంది.

“పోనీ, ఒక తాబేలు పిల్లను ఇక్కడికి పట్టుకురా,” అన్నాను అతనితో.

“కుదరదు బాబూ. ఇసకలో దాని కాళ్లతో అదే నడవాల. నేకపోతే పెద్దయ్యాక ఈ ఒడ్డు దానికి గుర్తుండదు.”

అటునుంచి జనం కేకలు వినిపించాయి. “నువ్వయినా సూసిరా. వచ్చి సెప్పు,” అంది అక్క.

అక్కను ఆటోలో కూర్చోబెట్టి వెళ్లాను. అరచేతిలో పట్టేంత నల్లటి పిల్లలు నురుగువైపు తడబడుతూ నడుస్తున్నాయి. అల కొన్నిటిని వెనక్కి తోసింది. వెల్లకిలా పడ్డవి మళ్లీ లేచి నడిచాయి. నేను మాత్రం పదేపదే వెనక్కే చూశాను. చెట్ల సందున ఆటోలో అక్క పసుపు చీర కనిపిస్తోంది.

“ఎలా ఎల్లాయిరా?” అంది నేను తిరిగి రాగానే.

“బాగా వెళ్లాయి.”

“అంతేనా?”

ఆటో తిప్పమన్నాను.

మర్నాడు ఆస్పత్రిలో పక్క మంచం మీది ఉద్దానం ఆవిడ అడిగితే, “సూసానమ్మా, ఇంతింత పిల్లలు. మా తమ్ముడు సెయ్యి పట్టుకుని నీళ్లదాకా నడిపించాడు,” అని చెప్పింది అక్క. నావైపు చూడలేదు.

వానలు పడకముందే పోయింది. పదోరోజున ఆ ఉద్దానం ఆవిడ ఓపిక చేసుకుని వచ్చి, “నీళ్లదాకా నడిపించావంట, తమ్ముడంటే నువ్వే బాబూ” అని అందరి ఎదుటా నా చేతులు పట్టుకుంది. నేను విడిపించుకోలేదు.