కాగితం రాకముందే భోజనాలు

రాయప్ప కృతజ్ఞత కూడికలన్నీ ముందే పెట్టేవాడు. ఊళ్ళో మిగతావాళ్ళు ఉద్యోగం వచ్చాకో, ఇల్లు కట్టుకున్నాకో, ఆస్పత్రికి వెళ్ళిన మనిషి క్షేమంగా తిరిగొచ్చాకో పాస్టరు గారిని పిలిచి, ప్రార్థన చేయించి, నలుగురికీ భోజనం పెడతారు. రాయప్ప అంతవరకూ ఆగలేకపోయేవాడు. పెద్దకూతురు రోజీ కడుపుతో ఉన్నప్పుడు ఏడో నెలలోనే మనవడు పుట్టినందుకు స్తోత్రం చెల్లించేశాడు. పుట్టింది మనవరాలు. అడిగినవాళ్ళకు, స్తోత్రం స్తోత్రమే కదండీ, పేరొక్కటే మారుద్ది అని చెప్పుకున్నాడు. చిన్నకూతురు షాలోమి డిగ్రీ ఫలితాలు ఇంకా పదిరోజులు ఉన్నాయనగా ఇంటిముందు కుర్చీలు వేయించాడు. ఆ పదిరోజులూ ఆ పిల్లకు ముద్ద దిగలేదు.

ఆయన పోయి ఏడాది దాటింది. షాలోమికి తండ్రి గుర్తొచ్చినప్పుడల్లా మొదట కనిపించేది ఆయన మెడ. నలభై ఏళ్ళు పైకి చూస్తూ పనిచేసిన మనిషి మెడ వెనక ఎలా ముడతలు పడుతుందో అలా పడిన మెడ. రాయప్ప మామిడి కోత మేస్త్రి. నూజివీడు చుట్టుపక్కల ఆయన చిక్కం తగలని తోట లేదు. పొడుగాటి వెదురు కర్ర చివర వల కట్టిన ఆ చిక్కాన్ని కొమ్మల మధ్యకు పోనిచ్చి, కాయను ముచ్చికతో సహా తెంపి, పసిపిల్లను దింపినట్టు కిందికి దింపేవాడు. కోసిన కాయను తలకిందులుగా ఆనించి సొన కారిపోనిచ్చేవాడు. కాయ నేలకు తగిలిందంటే ముఠాలో ఎవరినైనా సరే ఆ పూటకు చెట్టు దింపేసేవాడు. పూత కూడా లేని రోజుల్లో ఆకు నలిపి వాసన చూసి, అది రసమో బంగినపల్లో చెప్పగలిగేవాడు. వేసవి సెలవుల్లో కేరియర్ పట్టుకుని వెళ్ళే షాలోమి చేత కూడా ఆకులు నలిపించి అడిగేవాడు. ఆమె ఎప్పుడూ తప్పే చెప్పేది.

ఆ ప్రాంతంలో తోటలు పూత మీదే అమ్ముడుపోతాయి. వ్యాపారి వచ్చి, చెట్ల నిండా తెల్లగా విచ్చిన పూత చూసి, రేటు మాట్లాడుకుని పోతాడు. తర్వాత గాలి వీచినా, మంచు పట్టినా, తేనెమంచు పురుగు తిన్నా అది అతని రాత. రాని కాయను నమ్మి జనం లక్షలు ఇస్తుంటే, రాని మేలుకు తను ఒక ప్రార్థన చెప్పుకుంటే తప్పేంటని రాయప్ప వాదన. దానికి ఎదురు చెప్పడం షాలోమికి చేతనయ్యేది కాదు. ఒక్కసారి తప్ప.

అది ఆమెకు ముప్ఫై ఒకటో ఏడు. బాపులపాడు వెళ్ళే దారిలో ఉన్న బసవపున్నారావు గారి పల్ప్ ఫ్యాక్టరీలో పనిచేస్తోంది. ముక్కు వంకర తిరిగిన పొడుగాటి మామిడికాయను అక్కడ కలెక్టర్ అంటారు. ఆ కలెక్టర్ కాయల గుజ్జు తీసి, డబ్బాల్లో నింపి, ఓడలకెక్కిస్తారు. బీకామ్ కాగానే గేటు దగ్గర కాయలు తూచే కాటా మీద కూర్చున్న పిల్ల, పదేళ్ళలో స్టోర్సుకీ, అక్కడినుంచి ఎకౌంట్సుకీ వచ్చింది. రోజంతా పనిచేసి, రాత్రిళ్ళు చదివి, కాస్ట్ ఎకౌంటెన్సీ పరీక్షల్లో ఆఖరిది మూడోసారికి గట్టెక్కింది. ఫ్యాక్టరీ పుట్టినప్పటినుంచీ ఫైనాన్స్ చూస్తున్న పెద్దిరాజు గారికి చూపు మందగించింది. మార్చితో మానేస్తానని, తన కుర్చీలో షాలోమిని కూర్చోబెట్టమని ఆయనే పున్నారావు గారికి చెప్పారు. పున్నారావు గారు ఆమెను పిలిచి, వచ్చే డైరెక్టర్ల మీటింగులో పేరు పెడుతున్నామని, అప్పటిదాకా బయట అనొద్దని అన్నారు.

ఆ సాయంత్రం ఆమె ఇంట్లో చెప్పింది. బయట అనొద్దన్న సంగతి కూడా చెప్పింది. రాయప్ప మాట తప్పలేదు. బయట ఎవరికీ చెప్పలేదు, పాస్టరు గారికి తప్ప. పాస్టరు గారిని ఆయన బయటివాళ్ళలో కలిపేవాడు కాదు.

ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరు గారు ప్రకటనలు చదివారు. వచ్చే శనివారం సాయంత్రం రాయప్ప గారింట్లో కృతజ్ఞత కూడిక, వారి కుమార్తె షాలోమి కంపెనీకి ఫైనాన్స్ అధికారిగా నియమింపబడినందుకు, అందరూ ఆహ్వానితులే. ఆడవాళ్ళ వైపు కూర్చున్న షాలోమి తల దించుకుంది. పక్కనున్నవాళ్ళు చెయ్యి నొక్కారు. ముందు వరసలో తండ్రి మెడ కనిపిస్తోంది. అది నిటారుగా ఉంది.

సోమవారం ఆఫీసుకు వెళ్ళేసరికి సంగతి మారిపోయింది. పున్నారావు గారి అల్లుడు అభిరామ్ హైదరాబాదులో ఉండి అమ్మకాలు చూస్తాడు, డైరెక్టరు కూడా. అతను ఇంకో మనిషి కాగితాలు పంపించాడు. పేరు అనిల్. చార్టర్డ్ ఎకౌంటెంటు, పెద్ద పెద్ద కంపెనీల్లో ఇరవై ఏళ్ళ అనుభవం. ఇలాంటి మనిషి ఉంటే బ్యాంకు వాళ్ళ దగ్గర కూడా మాట చెల్లుతుందని అభిరామ్ అన్నాడట. మీటింగు ఆ పై సోమవారానికి జరిపారు. అంటే కూడిక అయిన రెండో రోజుకు.

ఇంటికి వచ్చి చూస్తే తల్లి లేయా బియ్యం ఏరుతోంది. రాయప్ప అరుగు మీద కూర్చుని షామియానా వాడితో ఫోన్లో మాట్లాడుతున్నాడు. ఆ ఫోను పెట్టేదాకా షాలోమి నిలబడే ఉంది.

"ఎవరెవర్ని పిలిచావు నాన్నా?"

"మన సంఘం వాళ్ళని. ముఠా వాళ్ళని. మీ ఆఫీసు వాళ్ళని."

"ఆఫీసులో ఎవర్ని?"

"పున్నారావు గారిని. వాళ్ళక్కగారు బసవమ్మ గారిని. ఇంటికెళ్ళే పిలిచొచ్చా."

లేయా చేతిలో చేట ఆగిపోయింది.

"బయట అనొద్దని నాకు చెప్పింది ఆయనే నాన్నా."

"ఆయన మాట ఆయనకే కదమ్మా చెప్పింది. అది బయట అన్నట్టెలా అవుద్ది?"

షాలోమి అనిల్ గురించి చెప్పింది. రాయప్ప శ్రద్ధగా విన్నాడు. ఆయన కూడా పరీక్షలు పాసయ్యాడా అని అడిగాడు. తనకంటే పెద్దవే పాసయ్యారని చెబితే, అయితే గట్టివాడే అని తలాడించాడు. కూడిక ఆపేద్దామంటే మాత్రం ఒప్పుకోలేదు. దేవుడికి చెప్పిన మాట వెనక్కి తీసుకోవడం తనవల్ల కాదన్నాడు.

"ఉద్యోగం ఆయనకిస్తే, వీళ్ళందరూ తిని వెళ్ళాక, మళ్ళీ ఆ గేటులోంచి నేను లోపలికెలా వెళ్ళను నాన్నా?"

రాయప్ప లేచి పెరట్లోకి వెళ్ళి, అవసరం లేకపోయినా మొక్కలకు నీళ్ళు పోశాడు.

శనివారం నాలుగింటికల్లా వీధి నిండిపోయింది. ముఠావాళ్ళు ఉతికిన చొక్కాలు వేసుకొచ్చి వెనక వరసల్లో సర్దుకున్నారు. పెద్దిరాజు గారు నల్లకళ్ళద్దాలతో వచ్చి, ఎవరూ ముందుకు లాగకుండా స్తంభం చాటున కూర్చున్నారు. పున్నారావు గారి కారు వస్తుందని షాలోమి అనుకోలేదు. వచ్చింది. ఆయనకు ఒకవైపు ఇబ్బంది, ఒకవైపు మొహమాటం. బసవమ్మ గారు మాత్రం నేరుగా లోపలికి వెళ్ళి వంట చూసి, లేయాతో మసాలా గురించి మాట్లాడి వచ్చి కూర్చున్నారు. వాళ్ళ తోటలో రాయప్ప ముప్ఫై వేసవులు కాయ కోశాడు. ఈ ఇంటి గడప ఆవిడ తొక్కడం అదే మొదటిసారి.

పాటలయ్యాయి, వాక్యం అయ్యింది. ఇప్పుడు సహోదరి షాలోమి సాక్ష్యం చెబుతుందని పాస్టరు గారు మైకు ఇచ్చారు. ఏం చెప్పాలో ఆమె వారం రోజులుగా ఆలోచించింది. రెండు ముక్కల్లో దేవుడి మేలు తలచుకుని కూర్చుంటే ఎవరికీ నష్టం లేదు. కానీ ఎదురుగా వందమంది కళ్ళు సంతోషంగా తనమీదే ఉన్నాయి.

"వందనాలండీ. నాకు ఉద్యోగం వచ్చిందని మీరంతా వచ్చారు. ఇంకా రాలేదు. నా పేరుతో పాటు ఇంకో పేరు కూడా ఉంది. ఆయనకి నాకంటే అనుభవం ఎక్కువ. సోమవారం ఏం తేలుస్తారో నాకు తెలీదు. మా నాన్న తొందరపడ్డారు. పదేళ్ళ కిందట కాటా మీద కూర్చున్నదాన్ని, నా పేరు అంతదూరం వెళ్ళింది. అది మాత్రం జరిగింది. దానికి స్తోత్రం చెబుతున్నాను."

వెనకనుంచి ముఠాలోని మార్టిన్ గొంతు వినిపించింది.

"అయితే మేస్త్రీ, ఇప్పుడు మేం తినొచ్చా, సోమవారం రావాలా?"

ముందు ఆడవాళ్ళు నవ్వారు. తర్వాత బసవమ్మ గారు నవ్వారు. ఆపైన అందరూ నవ్వారు. రాయప్ప ఒక్కడే నవ్వలేదు. కండువా సర్దుకుని, భోజనాలకు లేవండి అన్నాడు. పున్నారావు గారు కొద్దిగా తిన్నారు. బసవమ్మ గారు మాంసం రెండోసారి వడ్డించుకున్నారు. వెళ్ళేటప్పుడు కారు దగ్గర పున్నారావు గారు ఆగారు.

"ఇరకాటంలో పెట్టావయ్యా రాయప్పా. ఇప్పుడు ఇస్తే బిర్యానీ తిని ఇచ్చారంటారు. ఇవ్వకపోతే, తిని కూడా ఇవ్వలేదంటారు."

"మీరు తిన్నది దేవుడి పేరు మీదండీ. ఉద్యోగానికీ దానికీ లంకె లేదు."

మర్నాడు తండ్రీకూతుళ్ళిద్దరూ చర్చికి నడిచి వెళ్తున్నారు. నిన్న నలుగురిలో నేను తొందరపడ్డానన్నావు అని రాయప్పే మొదలుపెట్టాడు. అన్నాను నాన్నా అంది షాలోమి. నిజమే కదా అని, ఆయన రెండు అడుగులు ముందుకు నడిచాడు. ఆ మాటలో కోపం ఉందేమోనని ఆమె చాలాసేపు వెతుక్కుంది. ఉన్నట్టు అనిపించలేదు.

సోమవారం మీటింగు పదకొండింటికి మొదలై మూడింటిదాకా సాగింది. లోపల జరిగింది తర్వాత పెద్దిరాజు గారు చెప్పారు. అభిరామ్ చెప్పినదాంట్లో తప్పేమీ లేదట. కంపెనీ పెరుగుతోంది, పెద్ద మనిషి కావాలి. పున్నారావు గారు అటూ ఇటూ ఊగారట. ఫ్యాక్టరీ ఉన్న భూమిలో సగం బసవమ్మ గారిది కాబట్టి ఆవిడా డైరెక్టరే. ఏ మీటింగులోనూ కాఫీ తాగి సంతకం పెట్టడం తప్ప ఇంకేమీ మాట్లాడని మనిషి ఆ రోజు నోరు విప్పారట.

"ఆ పిల్ల వందమంది ముందు మైకు పట్టుకుని, నాకింకా రాలేదు, ఆయనే నాకంటే అనుభవం ఉన్నవాడు అని చెప్పింది. మన ఎకౌంట్లు చూసే మనిషి అలా ఉండాలా, వద్దా? అది ముందు చెప్పండి అబ్బాయ్."

అభిరామ్ కాసేపు కాగితాలు తిరగేసి, ఏడాది చూద్దాం అన్నాడట. ఆ ఏడాదీ వారానికి రెండురోజులు వచ్చి పక్కన కూర్చుంటానని పెద్దిరాజు గారు మాటిచ్చారట.

నాలుగింటికి ఆర్డరు చేతికొచ్చింది. షాలోమి కాగితం పట్టుకుని షెడ్డు వెనక్కి వెళ్ళి తండ్రికి ఫోన్ చేసింది. ఆయన ఏదో తోటలో పిందె చూస్తున్నాడు. అవతల చిలకల్ని తోలుతున్న డబ్బా మోత వినిపిస్తోంది.

"నాన్నా, ఇచ్చారు."

స్తోత్రం అన్నాడు రాయప్ప. ఆయన గట్టిగా అరుస్తాడని, పక్కనున్నవాళ్ళకు చెబుతాడని ఆమె ఎదురుచూసింది.

"మరి ఆయనకెవరు చెబుతారమ్మా?"

"ఎవరికి?"

"ఆ రెండో ఆయనకి. వాళ్ళింట్లో కూడా ఎదురుచూస్తుంటారు కదా."

"అభిరామ్ గారు చెబుతారు నాన్నా."

"పేరేంటన్నావు?"

"అనిల్."

ఆ సాయంత్రం ఇంటి ప్రార్థనలో, పిల్లల పేర్లూ మనవల పేర్లూ ముఠావాళ్ళ పేర్లూ అయ్యాక, రాయప్ప అనిల్ అనే నీ బిడ్డ అని ఇంకో పేరు కలిపాడు. మర్నాడూ కలిపాడు. షాలోమికి పెట్టిన ఏడాది గడువు గడిచింది, పరీక్షగా ఇచ్చిన ఉద్యోగం ఖాయమైంది. పెద్దిరాజు గారు పూర్తిగా మానేశారు. సాయంత్రం ప్రార్థనలో అనిల్ అలాగే ఉన్నాడు. ముఖం తెలియని మనిషికి రోజూ ఎందుకని లేయా విసుక్కునేది. ఆయన కాగితం వచ్చిందో లేదో మనకు తెలీదు కదా అనేవాడు రాయప్ప.

ఒకసారి షాలోమి అభిరామ్‌ని అడిగేసింది. ఆ అనిల్ రెండు నెలల్లోనే పుణెలో ఇంకా పెద్ద కంపెనీలో చేరాడట. ఇంటికొచ్చి చెబితే లేయా, హమ్మయ్య, ఇంక ఆపొచ్చు అంది. రాయప్ప ఒప్పుకోలేదు. కొత్త చోటు, ఎలా ఉందో ఏమో అన్నాడు. చివరి రోజుల్లో ఆస్పత్రి మంచం మీద గొంతు బొంగురుపోయి సగం పేర్లు నోట్లోనే ఉండిపోయేవి. వరసలో ఆ పేరు వచ్చిందో లేదో పెదవులు చూసి షాలోమి తెలుసుకునేది.

ఇప్పుడు సాయంత్రం ప్రార్థన లేయా చేస్తుంది. పేర్లన్నీ ఆయన చెప్పిన వరసలోనే చెబుతుంది. రోజీ, రోజీ పిల్లలు, షాలోమి, మార్టినూ ముఠావాళ్ళూ, అనిల్. ఆ పేరు తర్వాత ఆమె కాసేపు ఆగుతుంది. అక్కడ రాయప్ప గొంతు సవరించుకునేవాడు.