చెప్పని క్లాసుకి పెట్టిన సంతకం

2023 వేసవి. కొండాపూర్ మెయిన్ రోడ్డు మీద ఒక అద్దాల భవనంలో ఉన్న పబ్బుకి మా సెక్యూరిటీ ఏజెన్సీ డోర్ స్టాఫ్‌ని పంపేది. డోర్ స్టాఫ్ అంటే జనం బౌన్సర్లు అంటారే, వాళ్ళే. తలుపు దగ్గర నిలబడి వయసు కార్డులు చూడటం, గొడవపడే వాళ్ళని బయటికి పంపడం వాళ్ళ పని. వాళ్ళకి శిక్షణ ఇవ్వడం నా పని. సైన్యంలో హవల్దారుగా చేసి వచ్చినవాణ్ణి. గొంతు పెద్దది, ఓపిక చిన్నది. ఈ ఉద్యోగానికి ఇంతకంటే ఏం కావాలి అనుకునేవాణ్ణి అప్పట్లో.

శిక్షణ ఇన్ని గంటలు ఉండాలి, ఫలానావి నేర్పాలి అని నియమాలున్నాయి. మాటలతో గొడవ చల్లార్చడం, మంటలొస్తే జనాన్ని బయటికి తీయడం, ఫస్ట్ ఎయిడ్, ఇలాంటివన్నీ. ప్రతి క్లాసుకీ ట్రైనింగ్ రిజిస్టర్‌లో గార్డుల సంతకాలు, వాటి కింద నాది. ఆ రిజిస్టర్ చూస్తే మా ఏజెన్సీని మించింది లేదనిపించేది.

ఆ బ్యాచ్‌లో యాదయ్య అనే అతను ఉండేవాడు. నారాయణపేట వైపు మనిషి. అంతకుముందు పుప్పాలగూడలో అపార్ట్‌మెంట్లు కట్టేచోట సిమెంటు బస్తాలు మోసేవాడు. ఆరడుగుల మనిషి, మాట మాత్రం మెత్తన. చెప్పింది చెప్పినట్టు చేసేవాడు. అలాంటివాళ్ళంటే నాకు మహా ఇష్టం.

నేను అన్నిటికంటే గట్టిగా నూరిపోసిన పాఠం ఒకటుంది. పబ్బు తలుపు దగ్గర మగ గార్డు ఆడమనిషి మీద చెయ్యి వేశాడంటే, తప్పెవరిదైనా సరే, ఏజెన్సీ పని ఖతం. అందుకే క్లాసులో అరిచేవాణ్ణి. "ఏం జరిగినా సరే, ఆడవాళ్ళని ముట్టుకోకూడదు. చేతులు వెనక్కి కట్టుకో, లేడీ బౌన్సర్‌ని పిలువు. అంతే!"

"మరి కింద పడిపోతే సార్?" అని యాదయ్య ఒకసారి లేచి అడిగాడు.

"మరీ లేదు గిరీ లేదు, కూర్చో!" అన్నాను. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఫస్ట్ ఎయిడ్ క్లాసు పెట్టాల్సిన రోజు పొద్దున్నే మా ఓనరు ఫోన్ చేశాడు. "అన్నా, పబ్బోళ్లు పరేషాన్ జేస్తున్నరు. ఇయ్యాల్నే ఆరుగురిని పంపాలె. ఆ ఫస్ట్ ఎయిడ్ గిట్ల తర్వాత జూస్కుందాం. సంతకాలైతే తీస్కో."

తీసుకున్నాను. ఆరుగురూ వరసగా పెట్టారు, కింద నేనూ పెట్టాను. ఆ 'తర్వాత' మళ్ళీ రాలేదు. నేను గుర్తు చేయనూ లేదు.

నెల తిరక్కుండా ఒక ఆదివారం మధ్యాహ్నం, ఆఫీసు వాళ్ళతో భోజనానికి వచ్చిన ఒక అమ్మాయి ఫోన్ మాట్లాడుతూ పబ్బు బయటికి వచ్చి, తలుపు ముందు మెట్ల మీద పడిపోయింది. ఫిట్స్. లేడీ బౌన్సర్ అన్నం తినడానికి వెళ్ళింది. తలుపు దగ్గర యాదయ్య ఒక్కడే ఉన్నాడు.

తర్వాత సీసీ కెమెరా రికార్డింగులో అంతా చూశాను. యాదయ్య ఒక అడుగు ముందుకేశాడు, వంగాడు, చెయ్యి చాచాడు. ఆగిపోయాడు. లేచి చేతులు వెనక్కి కట్టుకున్నాడు. మధ్యమధ్యలో వాకీటాకీ తీసి లేడీ బౌన్సర్‌ని పిలవడం, మళ్ళీ చేతులు కట్టుకోవడం. ఆ పిల్ల తల మెట్టు అంచుకి కొట్టుకుంటూనే ఉంది. వెల్లకిలా పడి ఉండటంతో వాంతి ఊపిరి గొట్టంలోకి పోయింది. లేడీ బౌన్సర్ పరిగెత్తుకొచ్చి పక్కకి తిప్పేదాకా అదే పరిస్థితి. నేను చెప్పిన పాఠాన్ని అంత శ్రద్ధగా పాటించిన శిష్యుణ్ణి అంతకుముందు చూడలేదు.

ప్రాణం దక్కింది, దేవుడి దయ. కానీ తలకి కుట్లు, ఊపిరితిత్తుల్లో ఇన్‌ఫెక్షన్, వారానికి పైగా ఐసీయూ. ఎవరో తీసిన వీడియో ఫోన్లన్నిటికీ పాకింది. ఆడపిల్ల కొట్టుకుంటుంటే చేతులు కట్టుకుని చూస్తున్న బౌన్సర్ అంటూ యాదయ్యని తిట్టనివాడు లేడు.

అమ్మాయి తండ్రి కాకినాడ నుంచి వచ్చాడు. పబ్బు మేనేజరు గదిలో మా ఓనరు, నేను ఉన్నాం. గోడ పక్కన యాదయ్య నిలబడ్డాడు. ఆ తండ్రి గొంతు కూడా పెంచలేదు. "ఒక్కటే అడుగుతానండి. ఇలాంటప్పుడు ఏం చెయ్యాలో మీవాడికి నేర్పారా, లేదా?"

ఓనరు రిజిస్టర్ నా ముందుకి తోశాడు. నేను ఆ పేజీ తీసి చూపించాను. "నేర్పామండి. ఇదిగో, అతని సంతకం."

ఆయన యాదయ్య వైపు తిరిగాడు. "అన్నీ నేర్చుకుని కూడా అలా నిలబడిపోయావా బాబూ?"

యాదయ్య నా మొహంలోకి చూశాడు. నేను రిజిస్టర్ మూసి కిటికీ వైపు తిరిగాను.

"తప్పైంది సార్" అన్నాడు ఆయనతో.

ఆ సాయంత్రమే అతన్ని తీసేశారు. ఆ వీడియో పుణ్యమా అని ఇంకే ఏజెన్సీ తీసుకోలేదు. నా ఉద్యోగం ఎక్కడ పోతుందోనన్న భయంతో అలా అన్నాను. వేరే సాకు లేదు నాకు. సిగ్గుమాలిన పని చేశాను.

రెండు నెలలు నాతో నేనే పోట్లాడి, చివరికి యాదయ్యని వెతుక్కుంటూ పుప్పాలగూడ వెళ్ళాను. మళ్ళీ బస్తాల పనికే చేరాడు. మధ్యాహ్నం అన్నం వేళ, రేకుల గదిలో ఉన్నాడు. నాలుగు తిడితే బాగుండు అనుకుంటూ గడప దాటాను. అతను బకెట్ బోర్లించి, తువ్వాలు దులిపి దానిమీద వేసి, కూర్చోమన్నాడు.

"యాదయ్యా, ఆ రోజు నేను..." అని మొదలుపెట్టాను.

"ఒకటి అడుగుత సార్, కోపం జెయ్యొద్దు."

"అడుగు."

"ఆ దినం నేనేం జేయాల్సుండె? అందరు తిడుతుండ్రు గానీ, ఎవ్వలు చెప్తలేరు."

బకెట్ మీద నుంచి లేచి నేల మీద వెల్లకిలా పడుకున్నాను. "నాకే ఫిట్స్ వచ్చాయనుకో. తగిలేవి పక్కకి జరుపు. తల కింద మెత్తటిది పెట్టు. అదిమి పట్టుకోకు, నోట్లో ఏమీ పెట్టకు. నోట్లోంచి కారుతోందా, ఇలా పక్కకి తిప్పు. అంబులెన్స్‌కి ఫోన్ చెయ్యి, వచ్చేదాకా పక్కనే ఉండు." పక్కకి తిప్పి పడుకోబెట్టడాన్ని రికవరీ పొజిషన్ అంటారు. సార్‌ని ఎలా ముట్టుకోవడమా అని సందేహించాడు. "ముట్టుకో, ఫరవాలేదు" అన్నాను. తువ్వాలు మడిచి నా తల కింద పెట్టాడు. భుజం, నడుము పట్టుకుని, పసిపిల్లని తిప్పినట్టు తిప్పాడు.

"గింతేనా సార్?" అన్నాడు.

పది నిమిషాలు కూడా పట్టలేదు. నేను అలాగే గోడ వైపు తిరిగి పడుకుని ఏడ్చాను.

తర్వాత ఆ తండ్రికి జరిగింది జరిగినట్టు ఉత్తరం రాశాను, ఏజెన్సీ వదిలేశాను. జవాబు రాలేదు. ఇప్పుడు ఇంకోచోట నేర్పుతున్నాను. ఏం చెయ్యకూడదో ఒక్కటే నేర్పి పంపితే, ఆపద వేళ మనిషి అలాగే నిలబడిపోతాడని నాకు తెలిసొచ్చింది. కానీ దానికి మూల్యం చెల్లించింది ఆ అమ్మాయి, యాదయ్య. ఆ వీడియో ఇంకా తిరుగుతూనే ఉంది. అందులో నేను ఎక్కడా కనిపించను.